నీటిమట్టం దిగుతుంటే కట్ట అప్‌స్ట్రీమ్ ముఖం మీద ప్రెషర్ బౌండరీ ఎలా ఇవ్వాలి?

మట్టికట్ట_ఎఫ్ఈఎం (ప్రశ్న)

నమస్తే అండి. ఒకే రకం బంకమట్టితో కట్టిన 24 మీ. ఎత్తు కట్టకి 2డీ సెక్షన్‌లో సీపేజ్ (మట్టి గుండా నీరు ఊరడం) లెక్క చేస్తున్నాను. కామ్సోల్ సాఫ్ట్‌వేర్, రిచర్డ్స్ ఈక్వేషన్ (పూర్తిగా తడవని మట్టిలో కూడా నీటి ప్రవాహం చెప్పే సమీకరణం) ఇంటర్‌ఫేస్.

అప్‌స్ట్రీమ్ వాలు 2.5:1, డౌన్‌స్ట్రీమ్ 2:1, కింద టో డ్రెయిన్ (కట్ట పాదం దగ్గర ఊటనీరు పోయే దారి). శాచురేటెడ్ పారగమ్యత 10⁻⁸ మీ./సె., స్పెసిఫిక్ స్టోరేజ్ (హెడ్ మీటరు తగ్గితే ఘనమీటరు మట్టి వదిలే నీరు) మీటరుకు 10⁻³. రిజర్వాయర్ మట్టం 10 రోజుల్లో 20 మీ. నుంచి 8 మీ.కి దిగుతుంది, గేజ్ రీడింగ్ రోజుకి ఒకటి. మెష్ అంతటా 1 మీ., మొదటి టైమ్ స్టెప్ 60 సెకన్లు.

అప్‌స్ట్రీమ్ ముఖం మొత్తానికి హైడ్రాలిక్ హెడ్ (ఎత్తు, నీటి మీటర్లలో ప్రెషర్ కలిపిన విలువ) కండిషన్ పెట్టి, దానికి గేజ్ టేబుల్‌ని ఇంటర్‌పొలేషన్ ఫంక్షన్‌గా ఇచ్చాను. రన్ అవుతోంది కానీ మూడు తేడాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, పదో రోజుకి ముఖం మీద 20 మీ. ఎత్తు దగ్గర ప్రెషర్ −118 కిలోపాస్కల్ చూపిస్తోంది. రెండు, మొదటి గంటలో ముఖం నుంచి రెండో వరస నోడ్లలో ప్రెషర్ మొదట ఉన్నదానికంటే పెరుగుతోంది. నీళ్లు దించుతుంటే ప్రెషర్ పెరగడమేమిటి? మూడు, "మట్టం ఎత్తు కంటే పైనుంటే ప్రెషర్, లేకపోతే నో ఫ్లో" అని ఇఫ్ కండిషన్‌తో మార్చి చూస్తే మూడో రోజు దగ్గర సాల్వర్ స్టెప్ తగ్గించుకుంటూ పోయి ఆగిపోతోంది.

టేబుల్‌ని బౌండరీకి ఇచ్చే సరైన పద్ధతి ఏది?

---

సీపేజ్_గీత

మీ −118 సాల్వర్ తప్పు కాదు, మీరు అడిగిందే ఇచ్చింది. హెడ్ = 8 మీ. అని 20 మీ. ఎత్తున్న చోట రాస్తే ప్రెషర్ 9.81 × (8 − 20), అంటే −117.7 కిలోపాస్కల్. నీటి నుంచి బయటపడ్డ ముఖం మీద ఒక పంపు పెట్టి మట్టిలోంచి నీళ్లు లాగుతున్నట్టు లెక్క. ముఖం దగ్గర పోర్ ప్రెషర్ (మట్టి రంధ్రాల్లోని నీటి ఒత్తిడి) నిజంలో కంటే వేగంగా పడిపోయి, వాలు ఉన్నదానికంటే భద్రంగా కనిపిస్తుంది. డ్రాడౌన్ (మట్టం దించడం) లెక్కలో ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకోటి లేదు, పైగా ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

ఏ క్షణంలోనైనా ముఖం మీద రెండు రకాల భాగాలుంటాయి. మునిగిన భాగంలో ప్రెషర్ = 9.81 × (మట్టం − ఎత్తు). బయటపడ్డ భాగం సీపేజ్ ఫేస్: లోపలి నుంచి నీళ్లు ఊరుతుంటే ప్రెషర్ సున్నా, ఊరకపోతే ఫ్లక్స్ (ముఖం దాటే ప్రవాహం) సున్నా. మీ ఇఫ్ కండిషన్‌లో పోయింది ఈ ఊరే ముక్క. నీళ్లు దిగిన మరుక్షణం ఆ భాగాన్ని నో ఫ్లో చేశారు. లోపల మట్టి ఇంకా నిండుగా ఉంది, నీరు బయటికి రావడానికి దారి లేదు. వాటర్ లైన్ ఒక్కో నోడ్ దాటినప్పుడల్లా కండిషన్ ఒక్కసారిగా తిరగబడుతుంది కాబట్టి సాల్వర్ వాడే న్యూటన్ ఇటరేషన్ అటూ ఇటూ ఊగి చేతులెత్తేస్తుంది.

కామ్సోల్‌లో దీనికి పర్వియస్ లేయర్ కండిషన్ వాడండి. అది ఫ్లక్స్‌ని "కండక్టెన్స్ × (బయటి హెడ్ − లోపలి హెడ్)" గా రాస్తుంది. అందులో రెండు ఎక్స్‌ప్రెషన్లు ఇస్తే చాలు.

బయటి హెడ్: మట్టం, ఎత్తు, ఈ రెండిట్లో ఏది పెద్దదైతే అది. మునిగిన చోట ఇది మట్టం అవుతుంది. బయటపడ్డ చోట ఎత్తుకి సమానం, అంటే ప్రెషర్ సున్నా.

కండక్టెన్స్: మునిగిన చోట పూర్తి విలువ. బయటపడ్డ చోట, లోపలి ప్రెషర్ సున్నా కంటే ఎక్కువుంటేనే పూర్తి విలువ, లేకపోతే సున్నా. ఇక్కడ ఇఫ్ వద్దు, స్మూత్డ్ స్టెప్ ఫంక్షన్ పెట్టండి. ట్రాన్సిషన్ వెడల్పు ప్రెషర్ హెడ్‌లో 2 నుంచి 5 సెం.మీ. సరిపోతుంది.

కండక్టెన్స్ విలువ ఎంత అన్న దగ్గరే చాలామంది తడబడతారు. అది పారగమ్యతని ఒక ఊహాపొర మందంతో భాగించిన సంఖ్య. మీ మట్టికి 2 సెం.మీ. పొర అనుకుంటే 10⁻⁸ / 0.02 = 5 × 10⁻⁷ ప్రతి సెకనుకు. గ్రేడియెంట్ 1 ఉన్న చోట ముఖం మీద హెడ్ తేడా 2 సెం.మీ. వస్తుంది, 12 మీటర్ల డ్రాడౌన్‌లో అది లెక్కలోకి రాదు. "పెద్దదైతే మంచిదే కదా" అని 10⁻² పెడితే మ్యాట్రిక్స్ పాడై మళ్లీ మూడో రోజు కథే. మరీ చిన్నది పెడితే ముఖం మీద ప్రెషర్ గేజ్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. రన్ అయ్యాక మునిగిన భాగంలో ప్రెషర్‌ని 9.81 × (మట్టం − ఎత్తు) తో కలిపి ప్లాట్ చేయండి, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి.

20 నుంచి 24 మీ. వరకూ ఉన్న భాగాన్నీ ఇదే కండిషన్ కింద ఉంచేయండి, అది తనంతట తానే నో ఫ్లో అవుతుంది.

---

టైమ్‌స్టెప్_తాత

మొదటిది, మూడోది గీత గారు తేల్చేశారు. రెండోది బౌండరీ కండిషన్ తప్పు కాదు. మెష్‌కీ టైమ్ స్టెప్‌కీ కుదరలేదు, అంతే.

మీ మట్టి డిఫ్యూజివిటీ, అంటే పారగమ్యతని స్పెసిఫిక్ స్టోరేజ్‌తో భాగిస్తే, 10⁻⁵ మీ²/సె. బౌండరీ దగ్గర ప్రెషర్ మారినప్పుడు ఆ మార్పు 60 సెకన్లలో లోపలికి వెళ్లేది సుమారు 2.5 సెం.మీ. మీ ఎలిమెంట్ 1 మీ. ఆ మీటరు లోపల ఏం జరుగుతోందో లీనియర్ ఎలిమెంట్ చూపించలేదు. ముఖం మీద పడిపోయిన దానికి సరిపెట్టడానికి పక్క నోడ్‌ని పైకి ఎత్తుతుంది. మీరు చూసిన పెరుగుదల అదే.

దీనికి ఒక కనీస టైమ్ స్టెప్ ఉంది, వెర్మీర్, వెర్రూయిట్ 1981లో ఇచ్చినది: ఎలిమెంట్ సైజు వర్గాన్ని (6 × డిఫ్యూజివిటీ) తో భాగించాలి. ఆ 6 లీనియర్ ఎలిమెంట్లకీ, ఫుల్లీ ఇంప్లిసిట్ స్కీమ్‌కీ వర్తిస్తుంది. 1 మీ. మెష్‌కి 16,700 సెకన్లు, దాదాపు నాలుగున్నర గంటలు. మీరు వాడింది 60 సెకన్లు! స్టెప్ తగ్గిస్తే అక్యురసీ పెరుగుతుందన్న నమ్మకం ఇక్కడ అడ్డం తిరుగుతుంది, తగ్గించిన కొద్దీ ఊగుడు ఎక్కువవుతుంది.

అలాగని నాలుగున్నర గంటల స్టెప్ కూడా పెట్టలేరు. మట్టం గంటకి 5 సెం.మీ. దిగుతోంది కాబట్టి ఆ లోపు 22 సెం.మీ. దిగిపోతుంది. మెష్‌నే మార్చండి. ముఖానికి ఆనుకుని బౌండరీ లేయర్ మెష్, మొదటి పొర 0.2 మీ., పెరుగుదల 1.3, ఎనిమిది పొరలు. ఇది సుమారు 4.8 మీ. లోతు కవర్ చేస్తుంది. 10 రోజుల్లో మార్పులో ఎక్కువ భాగం చొరబడే లోతు సుమారు 3 మీ. కాబట్టి సరిపోతుంది. 0.2 మీ.కి కనీస స్టెప్ 670 సెకన్లు. వాలు పొడవునా ఎలిమెంట్ 0.5 మీ. ఉంచితే నిలువుగా అది 18.6 సెం.మీ., వాటర్ లైన్ దాన్ని దాటడానికి 3.7 గంటలు పడుతుంది. కాబట్టి మొదటి స్టెప్ 900 సెకన్లు, గరిష్ఠ స్టెప్ 3600 సెకన్లు పెట్టండి. కింద ఊగుడూ ఉండదు, పైన నోడ్లు ఎగిరిపోవడమూ ఉండదు.

ఇక సాల్వర్ సెట్టింగ్. బీడీఎఫ్ (కామ్సోల్ టైమ్ స్టెప్పింగ్ పద్ధతి) లో "సాల్వర్ తీసుకునే స్టెప్స్" డిఫాల్ట్‌గా ఫ్రీ అని ఉంటుంది. ఫ్రీలో మీరిచ్చిన అవుట్‌పుట్ సమయాలు ఫలితాలు రాసుకోవడానికే, సాల్వర్ అక్కడ ఆగదు. మట్టం కొన్నాళ్లు కదలకుండా ఉండి ఒక రోజు గేట్లెత్తి మళ్లీ మూశారనుకోండి, పెద్ద స్టెప్ ఆ రోజుని మొత్తంగా దాటేయగలదు. స్ట్రిక్ట్ పెట్టి, గేజ్ రీడింగ్ సమయాలన్నీ టైమ్ లిస్ట్‌లో ఇవ్వండి. రీడింగ్ దగ్గర వాలు మారే మూలలో స్టెప్ ముగిస్తే ఎర్రర్ టెస్ట్ ఫెయిల్యూర్లు కూడా తగ్గుతాయి.

ఇంటర్‌పొలేషన్ లీనియర్‌గానే ఉంచండి. అందంగా ఉంటుందని క్యూబిక్ స్ప్లైన్ వేస్తే, మట్టం 8 మీ. దగ్గర ఆగిన చోట గీత 8 కిందికి దిగి మళ్లీ పైకొస్తుంది. లేని నీళ్లు కట్టలోకి వెళ్తాయి.

ఫంక్షన్ యూనిట్లు కూడా చూసుకోండి. టేబుల్‌లో కాలం రోజుల్లో ఉండి ఆర్గ్యుమెంట్ యూనిట్ సెకన్లని ఉంటే మీ 10 రోజుల డ్రాడౌన్ 10 సెకన్లలో అయిపోతుంది, సాల్వర్ నోరెత్తదు.

---

పికార్డ్_ప్రియుడు

స్మూత్ చేసిన కండక్టెన్స్ నాకు నచ్చదండి, అతుకుల పని. సీపేజ్ ఫేస్‌కి అసలు పద్ధతి ఇటరేషన్ల మధ్య ఒక్కో ఫేస్‌నీ పరీక్షించడం. ప్రెషర్ సున్నాకి ఫిక్స్ చేసిన చోట ఫ్లక్స్ లోపలికి వస్తుంటే నో ఫ్లోకి మార్చాలి. నో ఫ్లో ఉన్న చోట ప్రెషర్ సున్నా దాటితే తిరిగి ఫిక్స్ చేయాలి.

ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీన్ని కోడెడ్‌మిక్స్‌డ్ కండిషన్‌తో రాయొచ్చు. వేల్యూఫ్రాక్షన్ 1 అయితే విలువ ఫిక్స్, 0 అయితే గ్రేడియెంట్ ఫిక్స్. ప్రతి ఫేస్ సెంటర్ ఎత్తు చూసి మట్టం కింద ఉంటే 1, పైనుంటే పై పరీక్ష. నో ఫ్లో అంటే ప్రెషర్ హెడ్ గ్రేడియెంట్ సున్నా అనుకోవద్దు. వాలు ముఖం మీద గ్రావిటీ టర్మ్ కూడా ఉంది, రెండూ కలిసి సున్నా అయ్యేలా రెఫ్‌గ్రాడ్ ఇవ్వాలి.

అక్కడ ఎక్కువమంది పడే గుంట యూనిఫామ్‌ఫిక్స్‌డ్‌వేల్యూకి టేబుల్ తగిలించడం. పేరులోనే యూనిఫామ్ ఉంది, ముఖం మొత్తానికి ఒకే విలువ ఇస్తుంది. సాల్వర్ వేరియబుల్ ప్రెషర్ హెడ్ అయితే కట్ట అడుగున, నీటి అంచున ఒకే ప్రెషర్ అన్నమాట. పల్చటి అడ్డం లేయర్‌కి ఫర్వాలేదు, 20 మీ. నిలువు ఉన్న ముఖానికి పనికిరాదు.

---

సీపేజ్_గీత

పద్ధతి శుద్ధమైనదే, కాదనను. కానీ వాటర్ లైన్ పక్కన ఉన్న ఒకటి రెండు ఫేస్‌లు ప్రతి ఇటరేషన్‌కీ ఆన్, ఆఫ్ అవుతూ లూప్‌లో పడితే ఏం చేస్తారు? ఒక టైమ్ స్టెప్‌లో ఏ ఫేస్ అయినా కొన్ని సార్లకి మించి మారకుండా ఆపాలి, అది కూడా అతుకే కదా. కామ్సోల్ గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్‌లో న్యూటన్ ఇటరేషన్ల మధ్య దూరడం తేలిక కాదు కాబట్టి ఈయనకి స్మూత్ దారే దగ్గర.

హైడ్రస్ 2డీ (మట్టిలో నీటి కదలికకి ఇంకో సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకైతే రెడీమేడ్ ఆప్షన్ ఉంది. వేరియబుల్ హెడ్ బౌండరీలో ఇచ్చిన విలువ అన్నిటికంటే కింది నోడ్‌కి వర్తిస్తుంది, మిగతావాటికి ఎత్తుని బట్టి హైడ్రోస్టాటిక్‌గా తనే సర్దుతుంది. నెగెటివ్ వచ్చిన నోడ్లని నో ఫ్లోగానో, సీపేజ్ ఫేస్‌గానో మార్చే టిక్ బాక్సులు వేరుగా ఉంటాయి. డ్రాడౌన్‌కి సీపేజ్ ఫేస్ టిక్ పెట్టాలి.

---

మట్టికట్ట_ఎఫ్ఈఎం

ధన్యవాదాలండి. పర్వియస్ లేయర్, కొత్త మెష్, స్ట్రిక్ట్ స్టెప్స్ పెట్టాక ఊగుడు పోయింది, −118 కూడా పోయింది. ఆరో రోజు దాటాక మాత్రం బయటపడ్డ ముఖానికి దగ్గరలో కన్వర్జెన్స్ నెమ్మదిస్తోంది. వాన్ గెనుచ్టెన్ మోడల్ (మట్టి ఎండేకొద్దీ తేమ, పారగమ్యత ఎలా తగ్గుతాయో చెప్పే ఫార్ములా) లో ఎన్ విలువ 1.09 వాడాను. ఇంకో రెండు సందేహాలు: ఇదంతా సరిగ్గా పనిచేస్తోందని ఎలా తేల్చుకోవాలి? ఈ పోర్ ప్రెషర్లని నేరుగా స్లోప్ స్టెబిలిటీ (వాలు జారుతుందా అన్న లెక్క) లోకి తీసుకెళ్లొచ్చా?

---

టైమ్‌స్టెప్_తాత

ఆ 1.09 దగ్గరే ఉంది. ఎన్ 2 కంటే తక్కువుంటే శాచురేషన్ దగ్గర పారగమ్యత కర్వ్ వాలు అనంతం అవుతుంది. 1.09 అంటే ఒక మిల్లీమీటరు సక్షన్‌కే (నెగెటివ్ ప్రెషర్) పారగమ్యత బాగా పడిపోతుంది. బయటపడ్డ ముఖం వెనక నోడ్లన్నీ సరిగ్గా ఆ సున్నా చుట్టూనే తిరుగుతుంటాయి. హైడ్రస్‌లో దీనికి −2 సెం.మీ. ఎయిర్ ఎంట్రీ ఉన్న సవరించిన మోడల్ ఇస్తారు. కామ్సోల్‌లో ఫార్ములాని మీరే యూజర్ డిఫైన్డ్‌గా రాసి, సక్షన్ 2 సెం.మీ. దాటేవరకూ శాచురేటెడ్ విలువే ఉండేలా చూడండి.

తేల్చుకోవడానికి కట్ట మోడల్ వద్దు, 20 మీ. పొడవు 1డీ కడ్డీ చాలు. పూర్తిగా శాచురేటెడ్‌గా, అడ్డంగా ఉంచండి. అదే డిఫ్యూజివిటీ, ముఖం దగ్గర అదే మెష్ సైజు. ఒక చివర హెడ్ ఒక్కసారిగా 1 మీ. తగ్గించండి. సొల్యూషన్ కాంప్లిమెంటరీ ఎర్రర్ ఫంక్షన్. 10 రోజులకి ముఖం నుంచి 2.94 మీ. లోపల తగ్గుదల 0.48 మీ., 5.88 మీ. లోపల 0.16 మీ. రావాలి. మెష్, స్టెప్ సరైనవైతే రెండో దశాంశం వరకూ కలుస్తుంది.

హెచ్చుతగ్గుల టేబుల్ పరీక్షించాలంటే సైన్ వేవ్ వేయండి. తీరప్రాంత ఆక్విఫర్‌లో ఆటుపోట్లకి వాడే పాత లెక్క ఇదే. డిఫ్యూజివిటీ 0.1 మీ²/సె., పీరియడ్ 12.42 గంటలు అయితే, 37.7 మీ. లోపల ఊపు మొదటిదాంట్లో 37 శాతం ఉంటుంది, దాదాపు 2 గంటలు ఆలస్యంగా వస్తుంది. ఊపు సరిగ్గా వచ్చి ఆలస్యం తప్పితే టేబుల్ చదివే సమయంలో ఒక స్టెప్ జరిగిందని అర్థం. స్టెప్ మొదట ఉన్న విలువ తీసుకుంటోందో, చివరి విలువో చూసుకోండి. ఈ పరీక్షకి కడ్డీ పొడవు కనీసం 200 మీ. ఉండాలి.

కట్ట మోడల్‌లో చేయాల్సింది ఒకటే: ముఖాల గుండా, డ్రెయిన్ గుండా పోయిన మొత్తం నీరూ, లోపలి నిల్వలో తగ్గుదలా కలవాలి. 1 శాతం దాటి తేడా ఉంటే మిగతా గ్రాఫులు చూడటం దండగ.

---

మోడ్‌ఫ్లో_మాస్టారు

ఇదే పని మోడ్‌ఫ్లో (భూగర్భజల సాఫ్ట్‌వేర్) లో చేసేవాళ్లు అడుగుతుంటారు కాబట్టి. మోడ్‌ఫ్లో 2005లో సీహెచ్‌డీ ప్యాకేజీ (ఇచ్చిన హెడ్‌ని సెల్‌లో ఫిక్స్ చేసేది) ఒక్కో స్ట్రెస్ పీరియడ్ (ఇన్‌పుట్లు ఇచ్చే కాల విభాగం) మొదటి హెడ్, చివరి హెడ్ తీసుకుని మధ్యలో లీనియర్‌గా మారుస్తుంది. మోడ్‌ఫ్లో 6 సీహెచ్‌డీలో హెడ్ ఒక్కటే, మారే విలువకి టైమ్ సిరీస్ ఫైల్ ఇవ్వాలి. అందులో స్టెప్‌వైజ్, లీనియర్, లీనియర్‌ఎండ్ అని మూడు. లీనియర్ ఆ టైమ్ స్టెప్ సగటు ఇస్తుంది, లీనియర్‌ఎండ్ స్టెప్ చివరి విలువ ఇస్తుంది. తాత గారు చెప్పిన ఆలస్యం సమస్య పాత మోడల్‌ని ఇందులోకి మార్చినప్పుడు ఇక్కడి నుంచే వస్తుంది, పాతదానితో పోల్చాలంటే లీనియర్‌ఎండ్ పెట్టండి.

మట్టం సెల్ అడుగు కంటే దిగితే సీహెచ్‌డీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. దానికి బదులు ముఖం సెల్స్‌లో జీహెచ్‌బీ (బయటి హెడ్‌తో తేడాని కండక్టెన్స్‌తో గుణించి ప్రవాహం ఇచ్చే ప్యాకేజీ), డ్రెయిన్ ప్యాకేజీ రెండూ పెట్టి, జీహెచ్‌బీ కండక్టెన్స్‌ని కూడా టైమ్ సిరీస్‌తో నడిపి మట్టం దిగిన సెల్స్‌లో సున్నా చేయండి. డ్రెయిన్ హెడ్ తన ఎత్తు దాటినప్పుడే నీళ్లు బయటికి వదులుతుంది, తిరిగి ఇవ్వదు. సీపేజ్ ఫేస్‌కి కావాల్సింది అదే.

ఇంకో మాట. మన దగ్గర రిజర్వాయర్ మట్టాలు సముద్రమట్టం నుంచి అడుగుల్లో చెప్తారు, సాగర్ పూర్తి మట్టం 590, శ్రీశైలం 885 అన్నట్టు. మోడల్ సున్నా కట్ట పునాది దగ్గర ఉంటే ముందు ఆ పునాది మట్టం తీసేసి, తర్వాత 0.3048తో గుణించండి. మీటర్లలోకి మార్చాక అడుగుల్లోనే ఉన్న పునాది మట్టం తీసేసిన టేబుళ్లు వస్తుంటాయి.

---

వాలు_స్థిరత్వం

మీ చివరి ప్రశ్నకి జవాబు: నేరుగా తీసుకెళ్లొద్దు, తీసుకెళ్తే ఏం వదిలేశారో తెలిసి తీసుకెళ్లండి.

రిచర్డ్స్ ఒక్కటే నడిపితే బౌండరీలో మారేది పోర్ ప్రెషర్ మాత్రమే. నిజంగా మారేవి రెండు. ముఖం మీద నీటి బరువు కూడా పోతుంది. 12 మీ. నీరు దిగితే ఆ చోట 118 కిలోపాస్కల్ టోటల్ స్ట్రెస్ తగ్గుతుంది. నిండుగా శాచురేట్ అయిన మెత్తటి బంకమట్టిలో, నీరు బయటికి కారకముందే, ఈ దించిన బరువుకే పోర్ ప్రెషర్‌లో చాలా భాగం తగ్గుతుంది. రిచర్డ్స్‌కి ఈ సంగతి తెలియదు, కారితేనే తగ్గుతుందనుకుంటుంది. అందుకే 6 మీటర్ల కంటే లోపల మీ ప్రెషర్లు దాదాపు మొదటి రోజు విలువల్లోనే ఉండిపోయి ఉంటాయి. అది భద్రత వైపు తప్పు. కాకపోతే వాలు నిటారుతనాన్ని అవసరానికి మించి తగ్గించాల్సి వస్తుంది, ఖర్చు.

భయపడాల్సింది దీనికి తిరగేసిన తప్పుకి. సాలిడ్ మెకానిక్స్ కపుల్ చేసినప్పుడు పోర్ ప్రెషర్ బౌండరీకి టేబుల్ ఇచ్చి, అదే ముఖం మీద బౌండరీ లోడ్‌ని 20 మీ. దగ్గరే స్థిరంగా వదిలేస్తారు. అప్పుడు లేని నీళ్లు వాలుని వత్తి పట్టుకుని ఉంటాయి, ఎఫెక్టివ్ స్ట్రెస్ (మట్టి రేణువులు మోసే ఒత్తిడి) పెరుగుతుంది, ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ (జారకుండా ఆపే బలానికీ జార్చే బలానికీ నిష్పత్తి) డ్రాడౌన్‌లో పెరుగుతున్నట్టు వస్తుంది. డ్రాడౌన్ అయ్యేకొద్దీ అప్‌స్ట్రీమ్ ఫ్యాక్టర్ పెరిగితే మొట్టమొదట ఈ లోడ్ చూడండి. ముఖానికి లంబంగా 9.81 × (మట్టం − ఎత్తు), సున్నా కంటే తగ్గకుండా, పోర్ ప్రెషర్ వాడే అదే ఇంటర్‌పొలేషన్ ఫంక్షన్‌తో రాయాలి. రెండిటికీ వేర్వేరు టేబుళ్లు పెట్టకండి, ఒకటి సరిదిద్ది రెండోది మర్చిపోతారు.

కపుల్డ్ మోడల్‌లో స్పెసిఫిక్ స్టోరేజ్‌ని మట్టి కంప్రెసిబిలిటీతో సహా మళ్లీ ఇవ్వకూడదు, అది మెకానిక్స్ వైపు నుంచే వస్తుంది. మీ 10⁻³ అందులో పెడితే రెండుసార్లు లెక్కైపోతుంది. అక్కడ నీటి కంప్రెసిబిలిటీ వంతు మాత్రమే ఉండాలి.

10 రోజులంటే "ర్యాపిడ్" కాదేమో అన్న అనుమానం కూడా వద్దు. కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ డ్యామ్ అప్‌స్ట్రీమ్ వాలు 1981 సెప్టెంబరులో జారినప్పుడు మట్టం 120 రోజుల్లో సుమారు 55 మీ. దిగింది, అంటే రోజుకి అర మీటరు లోపే. మీది రోజుకి 1.2 మీ. వేగాన్ని రోజుల్లో కాదు, మట్టి డిఫ్యూజివిటీతో కొలవాలి.

స్టెబిలిటీ రన్‌ని పదో రోజుకి ఒక్కదానికే చేసి ఆపొద్దు. రోజుకొకటి చొప్పున, ఆగాక ఇంకో వారం వరకూ చేయండి. ఒకే మట్టి ఉన్న కట్టల్లో కనిష్ఠ ఫ్యాక్టర్ చాలాసార్లు మట్టం పూర్తిగా దిగకముందే, ఎత్తులో మూడో వంతు దగ్గర నీళ్లున్నప్పుడు వస్తుంది. మీ 8 మీ. సరిగ్గా అక్కడే ఉంది కాబట్టి 10, 9, 8 మీ. మట్టాల దగ్గర రన్లు దగ్గర దగ్గరగా పెట్టండి.